అమెరికా అంతర్యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసమేనా? తెలిసినవాళ్లు చెప్పండి

సుధ_ప్లేనో అడిగారు:

అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో ఉంటాం, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇక్కడ ఎనిమిదిలో అమెరికా చరిత్ర మొదటి నుంచి 1877 దాకా చెప్తారు. ఇప్పుడు సివిల్ వార్, అంటే 1861-65లో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకూ మిగతా దేశానికీ జరిగిన అంతర్యుద్ధం, ఎందుకొచ్చిందో వ్యాసం రాయాలి. బానిసత్వం విస్తరించడమే ప్రధాన కారణమని క్లాసులో చెప్పారట. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, తాతల కాలం నుంచీ ఇక్కడివాళ్లే, మాతో చాలా బాగుంటారు. ఆయన మాత్రం యుద్ధం బానిసత్వం గురించి కాదు, వాషింగ్టన్ (కేంద్ర ప్రభుత్వం) పెత్తనం గురించి, రాష్ట్రాల హక్కుల గురించి అంటారు. ఆయన చిన్నప్పుడు బడిలో అలాగే చెప్పారట.

పాపేమో ఎవరు చెప్పింది నిజం అని నన్ను అడుగుతోంది. నేను గుంటూరులో కామర్స్ చదివాను, లింకన్ పేరు తప్ప ఈ చరిత్ర నాకు పెద్దగా తెలీదు. ఊరికే టీచర్ చెప్పిందే రాసెయ్యమనడం నాకిష్టం లేదు, అర్థమయ్యాకే రాయాలి. ఇంకోటి, ఇప్పటికీ గంజాయి నుంచి అబార్షన్ దాకా ఇక్కడ రాష్ట్రానికో చట్టం కదా, ఎవరి మాట చెల్లాలో రాజ్యాంగంలో తేల్చి రాయలేదా?

పాతపత్రాలు:

సుధ గారూ, ముందు ఒక్క పని చేయండి. అమ్మాయి చేత 1861 ఫిబ్రవరి 2న టెక్సస్ ప్రతినిధులు ఆమోదించిన ప్రకటన చదివించండి, మేం యూనియన్‌లోంచి, అంటే అమెరికా దేశంలోంచి, ఎందుకు వెళ్లిపోతున్నామో చెప్తూ వాళ్లే రాసుకున్నది. నాలుగైదు పేజీలు కూడా ఉండదు, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. బానిసత్వాన్ని పాటించే, కాపాడే రాష్ట్రంగానే మేం యూనియన్‌లో చేరామని, అది ఎప్పటికీ అలాగే ఉండాలని అందులో దాపరికం లేకుండా ఉంది. ఇంకో ఫిర్యాదు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. సరిహద్దుల్లో స్థానిక తెగల నుంచి, మెక్సికో వైపు దోపిడీ ముఠాల నుంచి ఫెడరల్ ప్రభుత్వం, అంటే కేంద్రం, మమ్మల్ని కాపాడలేదట. అంటే వాషింగ్టన్ ఎక్కువ జోక్యం చేసుకుందని కాదు, చేయాల్సింది చేయలేదని కోపం.

సౌత్ కరోలినా అందరికంటే ముందు, 1860 డిసెంబర్ 20న విడిపోయింది. నాలుగు రోజుల తర్వాత అది విడుదల చేసిన కారణాల పత్రం చదివితే, రాష్ట్రాల హక్కుల వాదం తలకిందులుగా కనిపిస్తుంది. వాళ్ల ప్రధాన ఆరోపణ ఉత్తరాది రాష్ట్రాల మీద. పారిపోయి వచ్చిన బానిసలను పట్టి అప్పగించకుండా ఆ రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయని, న్యూయార్క్ అయితే బానిసను వెంటబెట్టుకుని తన నేల మీదుగా పోనివ్వడం కూడా లేదని, కొన్ని రాష్ట్రాలు నల్లవాళ్లకు పౌరసత్వం ఇస్తున్నాయని. ఇవన్నీ ఏమిటి? ఆ రాష్ట్రాలు వాడుకున్న హక్కులే కదా! వాటిని ఫెడరల్ ప్రభుత్వం అణచలేదన్నదే దక్షిణాది బాధ.

దీని వెనక 1850 నాటి ఫ్యుజిటివ్ స్లేవ్ యాక్ట్ (పారిపోయిన బానిసల చట్టం) ఉంది. దక్షిణాది నాయకులు పట్టుబట్టి తెచ్చుకున్న చట్టం, నా ఉద్దేశంలో అంతర్యుద్ధానికి ముందు మామూలు మనిషి గుమ్మం దాకా వచ్చిన ఫెడరల్ చట్టాల్లో అంత కఠినమైంది ఇంకోటి లేదు. ఒక మనిషిని చూపించి వీడు నా బానిస అని యజమాని అంటే, ఆ మనిషికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు కూడా లేదు. తేల్చే ఫెడరల్ కమిషనర్‌కు ఫీజు ఎలా పెట్టారంటే, యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5. దారిన పోయేవాళ్లను పిలిచి పట్టుకోవడానికి సాయం చేయమన్నా చేయాల్సిందే, పారిపోయినవాళ్లకు ఆశ్రయమిస్తే జరిమానా, జైలు.

1854 మార్చిలో విస్కాన్సిన్‌లో ఏం జరిగిందో అమ్మాయికి చెప్పండి. జాషువా గ్లోవర్ అనే ఆయన మిజోరీలో బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి రసీన్ అనే ఊళ్లో పని చేసుకుని బతుకుతున్నాడు. ఆయన్ని పట్టుకుని మిల్వాకీ జైల్లో పెట్టారు. జనం పోగై జైలు తలుపు బద్దలుకొట్టి విడిపించారు, ఆయన కెనడా చేరుకున్నాడు. జనాన్ని కూడగట్టిన పత్రికా సంపాదకుడు షెర్మన్ బూత్‌ను ఫెడరల్ అధికారులు అరెస్ట్ చేస్తే, విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఆ ఫెడరల్ చట్టమే రాజ్యాంగ విరుద్ధమని ఆయన్ని వదిలేసింది. కేసు వాషింగ్టన్ వెళ్లింది. 1859లో చీఫ్ జస్టిస్ టానీ, నల్లవాళ్లు అమెరికా పౌరులు కాలేరన్న డ్రెడ్ స్కాట్ తీర్పు రాసిన అదే టానీ, రాష్ట్ర కోర్టుకు ఫెడరల్ అధికారాన్ని కాదనే హక్కే లేదని తీర్పిచ్చాడు. దానికి విస్కాన్సిన్ శాసనసభ రాష్ట్రాల హక్కుల పేరుతోనే నిరసన తీర్మానం చేసింది. 1859లో ఎవరు ఏ పక్షాన ఉన్నారో చూడండి. రాష్ట్ర హక్కు అంటున్నది బానిసత్వాన్ని వద్దంటున్న విస్కాన్సిన్, ఫెడరల్ చట్టమే అందరికీ శిరోధార్యం అంటున్నది బానిసల యజమానులు.

ఇక విడిపోయాక వాళ్లు రాసుకున్న సొంత రాజ్యాంగం సంగతి. రాష్ట్రాలే సార్వభౌమాలు అని పీఠికలో రాశారు, బాగానే ఉంది. కానీ ఏ పౌరుడైనా తన బానిసలతో ఏ రాష్ట్రంలోకైనా వెళ్లి ఉండొచ్చని కూడా రాశారు. మా రాష్ట్రంలోకి బానిసలను తేవద్దు అని గట్టిగా చెప్పే వీలు ఏ రాష్ట్రానికీ మిగల్లేదన్నమాట. రాష్ట్రం విడిపోయే హక్కు ఉందని మాత్రం అందులో ఎక్కడా రాసుకోలేదు. వాళ్ల ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో చేసిన ప్రసంగంలో, మా ప్రభుత్వానికి మూలరాయి నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్న సత్యమే అన్నాడు. ఆ మనుషులే నోరారా చెప్పుకున్నాక మనం వేరే కారణాలు వెతికిపెట్టడం ఎందుకు?

మీ వీధి పెద్దాయనది అబద్ధం కాదు, ఆయనకు నేర్పింది అది. టెక్సస్ సిలబస్‌లోనే 2010లో ప్రాంతీయ విభేదాలు, రాష్ట్రాల హక్కులు, ఆ తర్వాత బానిసత్వం అని ఆ వరసలో ఉండేది. 2018లో రాష్ట్ర విద్యా బోర్డు దాన్ని మార్చి, బానిసత్వ విస్తరణదే ప్రధాన పాత్ర అని పెట్టింది.

నిడదవోలు_రవి:

పైన చెప్పిన ప్రతి వాస్తవం నిజమే, కాదనను. కానీ దాన్ని పట్టుకుని రాష్ట్రాల హక్కులు అన్నదంతా బానిసత్వానికి కప్పిన ముసుగు అనేస్తే మాత్రం ఒప్పుకోను. ఈ గొడవ దేశం పుట్టినప్పటి నుంచీ ఉంది. 1781 నాటి మొదటి ఏర్పాటులో కేంద్రానికి పన్ను వేసే అధికారం కూడా లేదు, సైనికులకు జీతాలివ్వడానికి రాష్ట్రాలను బతిమాలుకోవాల్సి వచ్చేది. అది నడవకే 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుని కొత్త రాజ్యాంగం రాశారు. సుధ గారు అడిగారు కదా, తేల్చి రాయలేదా అని. రెండు వైపులా రాశారు. ఫెడరల్ చట్టం రాజ్యాంగబద్ధంగా ఉంటే దేశమంతటికీ అదే పైచెయ్యి అని ఆరో అధికరణం చెప్తుంది. కేంద్రానికి ఇవ్వని అధికారాలు రాష్ట్రాలవి లేదా ప్రజలవి అని 1791లో వచ్చిన పదో సవరణ చెప్తుంది. ఏవి ఇచ్చారు, ఏవి ఇవ్వలేదు అన్న దగ్గరే రెండువందల ఏళ్లకు పైగా తగాదా.

1798 చూడండి. జాన్ ఆడమ్స్ ప్రభుత్వం సెడిషన్ యాక్ట్ తెచ్చి, ప్రభుత్వాన్ని తిట్టి రాస్తే జైలు అంది. వెర్మాంట్ నుంచి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంట్) సభ్యుడైన మాథ్యూ లయన్‌ను ఆ చట్టం కింద నాలుగు నెలలు జైల్లో పెడితే, జైల్లో ఉండగానే జనం ఆయన్ని మళ్లీ గెలిపించారు. అప్పుడు ఆ చట్టానికి వ్యతిరేకంగా కెంటకీ, వర్జీనియా శాసనసభలు తీర్మానాలు చేశాయి. వాటిని చాటుగా రాసిచ్చింది జెఫర్సన్, మాడిసన్. పత్రికా స్వేచ్ఛ కోసం రాష్ట్రాలు నిలబడిన సందర్భం అది, అందులో బానిసత్వం ఊసే లేదు.

1832 వ్యవహారం కూడా పాప తెలుసుకోవాలి. 1828లో దిగుమతుల మీద భారీ టారిఫ్ (సుంకం) వేశారు. ఉత్తరాది ఫ్యాక్టరీలకు లాభం, పత్తి అమ్ముకుని బయటి సరుకులు కొనుక్కునే సౌత్ కరోలినాకు నష్టం. ఉపాధ్యక్షుడిగా ఉంటూనే జాన్ కాల్హూన్, రాజ్యాంగ విరుద్ధమైన చట్టాన్ని రాష్ట్రం తన హద్దుల్లో చెల్లదనొచ్చు అని సిద్ధాంతం రాశాడు. 1832 నవంబర్‌లో ఆ రాష్ట్రం నిజంగానే టారిఫ్ చెల్లదని ప్రకటించింది. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఇది దేశద్రోహం అన్నాడు, సైన్యాన్ని దింపే అధికారం ఇచ్చే చట్టం 1833లో చేయించుకున్నాడు. చివరికి టారిఫ్ మెల్లమెల్లగా తగ్గించే ఒప్పందంతో చల్లారింది. మీ పెద్దాయన మనసులో ఉన్నది బహుశా ఇలాంటి చరిత్రే.

పాతపత్రాలు:

రవి గారూ, 1798 విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ 1832 ఉదాహరణ పూర్తిగా చెప్పండి. సౌత్ కరోలినాలో అప్పటికే బానిసల సంఖ్య తెల్లవాళ్ల కంటే ఎక్కువ. ఇవాళ టారిఫ్ వేసిన చెయ్యి రేపు మన బానిసల మీద పడుతుందన్న భయం కాల్హూన్ తన ఉత్తరాల్లో తానే రాసుకున్నాడు.

జాక్సన్ సంగతి ఇంకా చూడండి. సౌత్ కరోలినా మీదికి సైన్యం పంపిస్తానన్న ఆయనే అదే 1832లో జార్జియా దగ్గర చేతులు కట్టుకు కూర్చున్నాడు. చెరోకీ అనే స్థానిక తెగవాళ్ల నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు వోర్సెస్టర్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పును నిలబెట్టే ప్రయత్నం ఆయన చేయలేదు. 1838లో చెరోకీలను సైన్యంతో తరిమేశారు, దారిలో నాలుగు వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఒకే ఏడాది, ఒకే అధ్యక్షుడు, ఒకచోట ఫెడరల్ అధికారం పవిత్రం, ఇంకోచోట రాష్ట్రం ఇష్టం. అందుకే ఎవరైనా రాష్ట్రాల హక్కు అంటే నేను వెంటనే అడిగేది, ఏం చేయడానికి హక్కు, ఎవరి మీద? ఆ జవాబు చూసే నేను ఏ పక్షమో తేల్చుకుంటాను.

బెంటన్‌విల్_అరుణ:

మేం అర్కాన్సాస్‌లో ఉంటాం. యుద్ధంతో ఇది ముగియలేదని పాప వ్యాసం చివర్లో ఒక్క మాటైనా రాస్తే బాగుంటుంది, సిలబస్ 1877తో ఆగిపోయినా సరే. లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్ ఇప్పటికీ నడుస్తోంది, పక్కనే నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల మ్యూజియం ఉంది. ఇటు వస్తే తప్పకుండా తీసుకెళ్లండి.

తెల్లవాళ్లకు, నల్లవాళ్లకు వేరే బడులు రాజ్యాంగ విరుద్ధమని 1954లో సుప్రీంకోర్టు చెప్పింది. 1957 సెప్టెంబర్‌లో తొమ్మిది మంది నల్ల పిల్లలు ఆ బడికి వెళ్లబోతే గవర్నర్ ఫాబస్ రాష్ట్రం తరఫున నేషనల్ గార్డ్‌ను (రాష్ట్ర సైనిక దళాన్ని) నిలబెట్టి ఆపించాడు. ఎలిజబెత్ ఎక్‌ఫోర్డ్ అనే పదిహేనేళ్ల అమ్మాయి ఒంటరిగా పుస్తకాలు పట్టుకుని నడుస్తుంటే వెనక జనం అరుస్తున్న ఫోటో ఉంది, ఒకసారి చూస్తే మర్చిపోలేం. మీ అమ్మాయి కంటే రెండేళ్లు పెద్దదేమో, అంతే. చివరికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికులను పంపాడు, నేషనల్ గార్డ్‌ను గవర్నర్ చేతిలోంచి తీసుకుని ఫెడరల్ కిందికి తెచ్చాడు. తుపాకులున్న సైనికుల మధ్య ఆ పిల్లలు క్లాసులకు వెళ్లారు. కోర్టు తీర్పుకు అన్ని రాష్ట్రాలూ కట్టుబడాల్సిందేనని 1958లో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది. అయినా ఫాబస్ లొంగక, ఆ ఏడాదంతా లిటిల్ రాక్‌లోని హైస్కూళ్లను మూసేయించాడు. తెల్ల పిల్లల చదువు కూడా పోయింది. రాష్ట్రం హక్కు అనే మాటే ఆయనా వాడాడు.

ఓరుగల్లు_నవీన్:

సివిల్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను, పాలిటీలో ఈ పోలిక చదివాను కాబట్టి చిన్న మాట. అక్కడ మిగిలిన అధికారాలు రాష్ట్రాలవి, మన దగ్గర 248వ అధికరణం ప్రకారం కేంద్రానివి. ఇంకా పెద్ద తేడా రాష్ట్రాలను విడగొట్టడంలో ఉంది. మన మూడో అధికరణంలో పార్లమెంట్ రాష్ట్రం అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాలని లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంట్ ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ వచ్చింది. (దయచేసి ఇక్కడ ఆ చర్చ మొదలుపెట్టొద్దు.) అమెరికాలో అయితే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోకుండా దాన్ని చీల్చడానికి లేదు. మరి 1863లో వర్జీనియాలోంచి వెస్ట్ వర్జీనియా ఎలా వచ్చింది? ఎవరైనా చెప్తారా?

పాతపత్రాలు:

మంచి ప్రశ్న తమ్ముడూ. 1861లో వర్జీనియా విడిపోయినప్పుడు పడమటి కొండ ప్రాంతం జిల్లాలు వ్యతిరేకించాయి. వీలింగ్‌లో సమావేశమై, విడిపోయినవాళ్లు పదవులు వదులుకున్నట్టే కాబట్టి అసలైన వర్జీనియా ప్రభుత్వం మాదే అని ప్రకటించుకున్నారు. లింకన్ దాన్ని గుర్తించాడు. ఆ ప్రభుత్వమే 1862లో విభజనకు ఒప్పుకుంటున్నాం అంది. కాగితం మీద రాజ్యాంగం నెరవేరింది, రిచ్మండ్‌లో ఉన్న, యూనియన్ నుంచి విడిపోయిన వర్జీనియా ప్రభుత్వం మాత్రం ఒప్పుకోలేదు. యూనియన్ నిలబడాలని కోరుకునే నాకు కూడా ఆ పద్ధతి మింగుడుపడదు.

లా_చదువుతున్నా:

ఇప్పటి సంగతి నేను చెప్తాను. సుధ గారూ, గంజాయి రాష్ట్రానికో రకంగా ఉండటానికి మూలం ఆ బానిసల కేసుల్లోనే ఉంది. 1842లో ప్రిగ్ కేసులో సుప్రీంకోర్టు, పారిపోయిన బానిసలను పట్టే ఫెడరల్ చట్టం చెల్లుతుంది కానీ దాన్ని అమలు చేయమని రాష్ట్ర అధికారులను బలవంతపెట్టలేం అంది. వెంటనే మసాచుసెట్స్ 1843లో మా అధికారులూ మా జైళ్లూ ఈ పనికి వాడకూడదని చట్టం చేసింది. ఆ సూత్రమే తుపాకుల చట్టం మీద 1997లో వచ్చిన ప్రింట్జ్ కేసులో మళ్లీ గట్టిపడింది. కేంద్రం తన చట్టాన్ని తన మనుషులతో అమలు చేసుకోవాలి, రాష్ట్ర పోలీసులను తన నౌకర్లుగా వాడుకోలేదు. ఇమిగ్రేషన్ అధికారులకు మేం సాయం చేయం అని కొన్ని రాష్ట్రాలూ నగరాలూ అంటున్నది కూడా దీని ఆధారంతోనే.

బలవంతం కుదరనిచోట డబ్బుతో పని జరిపిస్తారు. మందు కొనడానికి దేశమంతా 21 ఏళ్లు ఎందుకుంది? 1984లో కాంగ్రెస్, 21 పెట్టని రాష్ట్రాలకు రోడ్ల నిధుల్లో కోత వేస్తామంది. సౌత్ డకోటా కోర్టుకెళ్లి 1987లో ఓడిపోయింది. కానీ 2012లో ఒబామా ఆరోగ్య చట్టం కేసులో, మెడికెయిడ్ (ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరించని రాష్ట్రానికి ఉన్న మెడికెయిడ్ నిధులన్నీ ఆపేస్తామనడం తలకు తుపాకీ పెట్టినట్టే అని కోర్టు కొట్టేసింది. అందుకే టెక్సస్ ఇప్పటికీ విస్తరించలేదు, ఆదాయం తక్కువున్న చాలామంది పెద్దవాళ్లకు ఇన్సూరెన్స్ లేకుండా పోతోంది. రవి గారి మాటలో న్యాయం ఉందని ఒప్పుకుంటూనే ఇది నాకు బాధగా ఉంటుంది.

మనవాళ్లకు ముఖ్యమైనది ఒకటి. కాలిఫోర్నియా, కొలరాడో లాంటి చోట్ల గంజాయి షాపుల్లోనే అమ్ముతారు కాబట్టి పర్వాలేదు అనుకునే స్టూడెంట్లు ఉన్నారు. ఫెడరల్ చట్టంలో అది ఇంకా నేరమే. రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా ఫెడరల్ నిషేధం చెల్లుతుందని 2005లో రేచ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం అన్నీ ఫెడరల్ చేతిలో ఉన్నాయి. ఎయిర్‌పోర్టులోనో ఇంటర్వ్యూలోనో వాడానని ఒప్పుకున్నా, అలాంటి షాపులో పని చేసినా, కేసు లేకపోయినా సరే ఇమిగ్రేషన్ దెబ్బతినొచ్చు. స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లకు ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాట చెప్పి పంపండి.

సుధ_ప్లేనో:

అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న సాయంత్రం ఇద్దరం కూర్చుని టెక్సస్ ప్రకటన చదివాం, చాలాచోట్ల ఆగి మాట్లాడుకున్నాం. పాపకు ఇంకో డౌట్ వచ్చింది. ఇక్కడ కొన్ని కార్ల మీద టెక్సస్ విడిపోవాలని స్టిక్కర్లు ఉంటాయి. అమెరికాలో చేరినప్పుడే టెక్సస్ విడిపోయే హక్కు రాయించుకుందని దాని ఫ్రెండ్స్ అంటున్నారట. నిజమా?

నిడదవోలు_రవి:

కాదండి. 1845లో టెక్సస్‌ను చేర్చుకుంటూ కాంగ్రెస్ చేసిన తీర్మానంలో, టెక్సస్ ఒప్పుకుంటే దాని నేలలోంచి ఇంకో నాలుగు రాష్ట్రాల దాకా ఏర్పాటు చేయొచ్చని ఉంది. జనం దాన్నే విడిపోయే హక్కు అనుకుంటారు. రాష్ట్రాల హక్కుల పక్షం మాట్లాడే నేనే చెప్తున్నాను, విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదు.

దాన్ని తేల్చింది కూడా టెక్సస్ కేసే. తనదన్న భూమి కొంత వదులుకున్న 1850 ఒప్పందం కింద టెక్సస్‌కు ఫెడరల్ బాండ్లు వచ్చాయి. యుద్ధ కాలంలో అక్కడి కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది పక్షం) ప్రభుత్వం వాటిలో కొన్ని అమ్మేసింది. యుద్ధం అయ్యాక కొత్త టెక్సస్ ప్రభుత్వం ఆ బాండ్లు మావి, వెనక్కి ఇప్పించండి అని సుప్రీంకోర్టుకెళ్లింది. నేరుగా సుప్రీంకోర్టులో కేసు వేయాలంటే యూనియన్‌లో రాష్ట్రం అయివుండాలి. అవతలివాళ్లు, మీరు వెళ్లిపోయారు కాబట్టి మీకు ఆ అర్హత లేదన్నారు. 1869లో చీఫ్ జస్టిస్ ఛేజ్, విడిపోతున్నామన్న ఆ తీర్మానమే చెల్లదు, టెక్సస్ ఒక్కరోజు కూడా యూనియన్ బయట లేదు, ఈ యూనియన్ చెదరనిది, అందులోని రాష్ట్రాలూ చెదరనివే అని తీర్పు రాశాడు. అంటే మేం ఎప్పుడూ విడిపోలేదని ఒప్పించుకుని కేసు గెలిచింది టెక్ససే. టెక్సస్ వర్సెస్ వైట్ కేసు అని వెతికితే దొరుకుతుంది, తీర్పు మొదటి భాగం ఎనిమిదో తరగతి పిల్లలకు కష్టమేమీ కాదు.